ఆకు రంగా, ఆకాశం రంగా

ప్రింటు ఇంకా చూడకూడదు. తడి మీద ఉన్న రంగును నమ్మకూడదు. సిరా ఆ మందపాటి నూలు కాగితంలోకి దిగి, పొంగినది అణిగి, మెరిసినది చల్లారేదాకా గంటసేపు ఆగాలి, అప్పుడు తెల్లదీపం వేసి చూడాలి. అది తెలిసీ మియెన్ మాటిమాటికీ తల తిప్పి బల్ల మీదికి చూస్తూనే ఉంది, పొయ్యి మీద గంజి పెట్టి పక్క గదిలోకి వచ్చిన మనిషిలా. బయట హుయే ఊరి వాన. ఎప్పుడు మొదలైందో ఎప్పుడు ఆగుతుందో ఈ ఊళ్ళో ఎవరూ అడగరు, గొడుగు వంచి పక్కవాడికి తగలకుండా నడిచిపోతారంతే. బట్టలు ఆరవు, గోడలు ఆరవు, ఉప్పు డబ్బాలో ఉప్పు ముద్దకడుతుంది, సిరా మాత్రం ఆరాలి. గదిలో తేమను లాగే యంత్రం ఓ మూల గురక పెడుతోంది, దాని కడుపులో ఉన్న డబ్బాలోకి చుక్కచుక్కగా నీళ్ళు దిగుతున్నాయి, తలుపులు కిటికీలు అన్నీ మూసిన గదిలో ఇన్ని నీళ్ళెక్కడివి అనుకుంది మియెన్, నా ఊపిరేనేమో, రోజంతా ఇందులో ఊపిరి వదిలేది నేనొక్కదాన్నే కదా, సాయంత్రానికి ఆ డబ్బా తీసుకెళ్ళి మోరీలో పారబోసేది నా ఊపిరినేనేమో.

బల్ల మీద, తడి కాగితంలో, పేము కుర్చీలో లియూ బామ్మ కూర్చుని ఉంది. పాత పట్టు చొక్కా, ఒళ్ళో రెండు చేతులు, వెనక సగం తెరిచిన కిటికీ. బామ్మ పోయి ఏడాది దాటింది. ఆవిడ ఉండగానే ఆవిడ భర్త లామ్ తాత వేసిన బొమ్మ అది, పట్టుబట్ట మీద నీటిరంగులు పలచగా పూసి, కడిగి, ఆరబెట్టి, మళ్ళీ పూసి, పోగులోకి ఇంకిన రంగును తప్ప పైన నిలిచిన రంగును దేన్నీ ఉండనివ్వకుండా వేసిన బొమ్మ. తాత ఇంట్లో గోడలకు చెమ్మ, పట్టుకు బూజు పట్టడం మొదలైంది, అందుకని సైగాన్‌లో ఏడాది పొడుగునా గాలి పొడిగా ఉంచే ఒక మ్యూజియానికి ఇచ్చేశాడు. ఈ వానల్లో మా ముసల్దాన్ని ఇంట్లో పెట్టుకోలేనమ్మాయ్, అన్నాడు బొమ్మ తెచ్చిన రోజున, బతికుండగానూ దానికి ఈ చెమ్మే పడేది కాదు. పొద్దున మ్యూజియంవాళ్ళు వచ్చి పెట్టెలో దూది పరిచి, పట్టుకెళ్ళిపోయారు. ఇక అసలుది లేదు. ఉన్నది మియెన్ తీసిన ఫోటో, ఆ ఫోటోను సరిచేసి చేసిన ఈ ప్రింటు. ఆయనకు కావలసింది ఒక్కటే ప్రింటు, ఆవిడ మంచం ఎదురుగోడకు. బడి వదిలే వేళకు వస్తానన్నాడు. ఆవిడను మళ్ళీ ఇంటికి తీసుకెళ్ళడానికి.

తాత అన్న ఆ సాన్ రంగు సంగతి తేలకపోవడమే బాధ. పసుపుకొమ్మునూ లేతాకునూ ఒకే పచ్చ అని పిలిచేవాళ్ళకి ఇందులో వింతేమీ ఉండదు, ఇక్కడ ఆకుకూ ఆకాశానికీ ఒకటే మాట, సాన్. తేడా చెప్పాలనుకుంటే ఆకు సాన్ అంటారు, ఆకాశం సాన్ అంటారు, ఏరు సాన్ అంటారు, పెద్దవాళ్ళు మాత్రం ఏమీ తగిలించరు, ఉత్త సాన్ అని ఊరుకుంటారు, వినేవాడికి కళ్ళున్నాయి కదా అన్నట్టు. మియెన్ ఎంత శ్రద్ధగా తీసింది ఆ ఫోటో. రెండు పక్కలా దీపాలు పెట్టి, పట్టు తళుక్కుమనకుండా అడ్డాలు పెట్టి, పక్కన రంగులు సరిచూసే అట్ట నిలబెట్టి, తీశాక రెండు రోజులు స్క్రీను ముందు కూర్చుని, బూజు చుక్కలు తీసి, పాతబడి రంగు మారిన పట్టును దారికి తెచ్చి, ఇవాళ బొమ్మ వెళ్ళిపోయాక తాత ఫోనుకు పంపింది. ఆయన వెంటనే ఫోను చేశాడు.

"బాగుందమ్మాయ్, చాలా బాగుంది. సాన్ తగ్గింది గానీ."

"ఏ సాన్ తాతగారూ? ఆకు సానా, ఆకాశం సానా?"

"ఆకేంటి, ఆకాశమేంటి? సాన్ అంటే సానే."

"అది కాదండీ, యంత్రానికి చెప్పాలి కదా, నీలం కలపమనాలో పసుపు కలపమనాలో."

"నీ యంత్రానికి పెళ్ళయిందా? ముందు పెళ్ళి చెయ్యి, తర్వాత దానికే తెలిసొస్తుంది" అని నవ్వాడాయన, నవ్వు దగ్గయింది, దగ్గులోనే ఫోను పెట్టేశాడు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. వాన రోజుల్లో ఫోను బియ్యం డబ్బాలో పెట్టేస్తాడట, తడుస్తుందని. దాంతో మియెన్ చొక్కా రంగును కాస్త ఆకువైపు జరిపింది. ఆకాశంవైపు జరిపి చూసింది. మళ్ళీ ఆకువైపు తెచ్చింది. ఇదిగో, బల్ల మీద ఉన్నది ఆకు. అది తప్పయితే సరిచూసుకోవడానికి అసలుది ఈపాటికి సైగాన్ దారిలో దా నాంగ్ దాటిపోయి ఉంటుంది, దూదిలో, చీకట్లో.

తన బట్టలకేసి చూసుకుంది, బూడిదరంగు చొక్కా, బూడిదరంగు పైజామా. గోడలూ అదే రంగు. ఎర్రచొక్కా వేసుకుని ఈ గదిలో నిలబడితే కాగితం మీద ఎరుపు పడుతుంది, కన్ను మోసపోతుంది, అందుకని ఈ పనిలో చేరాక రంగున్న బట్టలన్నీ ఊళ్ళో అన్నయ్య ఇంట్లో వదిలేసింది, వదినెకు పొట్టివి, కట్టుకోదు, పారెయ్యదు, ఎక్కడో మూటలో ఉండి ఉంటాయి, ఆ మూటలో తన వయసు ఒకటి ముడివేసి ఉన్నట్టు అనిపిస్తుంది ఒక్కోసారి. ఈ రంగులో ఉంటే వీధిలో ఎవరూ గుద్దుకోరు, ఎవరూ చూడరు కూడా. సంతలో కూరలావిడ తన చేతికి చిల్లర ఇవ్వబోయి వెనక నిలబడ్డావిడకు ఇచ్చేసింది మొన్న. నవ్వొచ్చింది. ఇంటికొచ్చి ఎవరికైనా చెప్పుకుని నవ్వుదామనుకుంది, గోడకు చెప్పాలి. ప్రింటు పని నేర్పిన పెద్దాయన దలాత్ కొండలకు వెళ్ళిపోయాడు, మోకాళ్ళకు ఈ చెమ్మ పడదని, వెళుతూ తాళాలు చేతిలో పెట్టి, నువ్వు మాట్లాడవు కాబట్టి ఈ పనికి సరిపోతావు అన్నాడు. అది మెచ్చుకోలే. మెచ్చుకోలులా తోచలేదు.

అంతకుముందు, ఊళ్ళో బడి అయిపోగానే, జిల్లా ఊరి ఫోటో షాపులో పని. అక్కడ నేర్చుకున్నదే చేతిలో ఉండిపోయింది. ఎవరైనా పోతే ఇంటివాళ్ళు గుర్తింపు కార్డు పట్టుకుని పరిగెత్తుకొస్తారు, అందులో గోరంత ఫోటో, దాన్ని పెద్దది చేసి, ఇంట్లో పోయిన పెద్దలకు మొక్కే పీఠం మీద అగరొత్తుల వెనక పెట్టే పటంగా చెయ్యాలి. నలిగిన చొక్కా తీసేసి మెడకింద నిలువు కాలరున్న ఖరీదైన దుస్తు అతికించాలి, ఆడవాళ్ళకొకటి మగవాళ్ళకొకటి కంప్యూటర్లో సిద్ధంగా ఉండేవి, ఆ జిల్లాలో పోయిన ఆడవాళ్ళందరూ ఒకే మఖమలు దుస్తు పంచుకుని కట్టుకున్నట్టు ఇంటింటా ఉంటారు ఇప్పటికీ. ముడతలు తీసి, మచ్చలు తీసి, చెంపల మీద కాస్త గులాబి రంగు. షాపు యజమాని అనేవాడు, ఇక ఏళ్ళ తరబడి పీఠం మీంచి ఇంటిల్లిపాదినీ చూడాల్సినవాళ్ళమ్మా, జబ్బు మొహంతో చూస్తే పిల్లలకి అన్నం దిగుతుందా. నిజమే అనిపించేది. పటం చేతికిచ్చినప్పుడు ఏడుస్తూ వచ్చినవాళ్ళు ఏడుపు ఆపేసేవాళ్ళు. మా అమ్మ ఇంత బాగుండేదా అనేవాళ్ళు.

తలుపు ధడేల్మని తెరుచుకుంది. పక్కింటి బూయ్ అత్త, ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో తామరగింజల పాయసం గిన్నె.

"అత్తా, తలుపు! చెమ్మ లోపలికొస్తుంది!"

"చెమ్మ రాకూడదు, మనుషులు రాకూడదు, ఇంకేం రావాలే ఇందులోకి? దెయ్యాలా?" కాలితో తలుపు మూసింది. "ఏదీ, ఎక్కడున్నావ్? ఆఁ, అక్కడా. గోడకి జుట్టు మొలిచిందేంట్రా అనుకున్నాను."

"గిన్నె బల్ల మీద పెట్టకు, తడి ప్రింటుంది."

"పెట్టన్లే. నా నెత్తి మీద పెట్టుకుంటా." వంగి ప్రింటు చూసింది. "ఎవరీవిడ? లియూ అక్కేనా? అబ్బో, పెళ్ళికూతుర్ని చేశావే! పోయేముందు నేనూ నీ దగ్గరికే వస్తాను, ఇలాగే నాకూ చెంపలు పెట్టు." గిన్నె మియెన్ చేతిలో కుక్కింది, మొహంలోకి చూసి గొంతు మార్చింది. "పొద్దున్నించీ ఏం తిన్నావే?"

"తిన్నానత్తా."

"నా దగ్గరా అబద్ధాలు? మొహం చూడు, సాన్‌గా అయిపోయింది, నెత్తుటిచుక్క లేదు. తిను ముందు. గిన్నె కడిగివ్వకపోయినా ఫరవాలేదు." గొడుగు విప్పుకుంటూ వెళ్ళిపోయింది, మెట్ల మీద ఎవర్నో తిట్టడం వినిపించింది, తర్వాత మళ్ళీ వానే.

మొహం సాన్‌గా. గిన్నె వెచ్చగా ఉంది అరచేతుల్లో, మియెన్ నిలబడే ఉంది. చిన్నప్పటినుంచీ ఎన్నిసార్లు విన్న మాట, జ్వరం తగిలితే సాన్, ఆకలేస్తే సాన్, భయపడితే సాన్, ఈ దేశంలో తల్లులు పిల్లల మొహం చూసి మొదట అనే మాట అదే, ఎవరైనా ఆకు సానా ఆకాశం సానా అని అడుగుతారా? తాత చొక్కా మాట అనలేదు. సాన్ తగ్గింది అన్నాడంతే. చొక్కా అని అనుకున్నది తాను. నీ యంత్రానికి పెళ్ళయిందా అన్నాడు. బల్ల మీద బామ్మ ఎంత ఆరోగ్యంగా ఉంది, పెదవుల్లో రంగు, చెంపల్లో వెచ్చదనం, ఎవరిచ్చారవి, తానే, ఎప్పుడిచ్చిందో గుర్తు కూడా లేదు, మనసు బూజు చుక్కల మీద ఉండగా చెయ్యి తన పాటికి తాను వెళ్ళి ఆ పని చేసేసింది, ఇంట్లోకి వచ్చేవాడు వాకిట్లో చెప్పులు విడిచినట్టు. మొహం మీద ఉన్న ఆ సన్నటి ఛాయను పట్టు పాతబడిన మచ్చ అనుకుంది. గిన్నె కిటికీ గట్టు మీద పెట్టి కంప్యూటర్ దగ్గరకు వెళ్ళి, అసలు ఫోటోను, ఏమీ చెయ్యనిదాన్ని, తెరిచింది. అక్కడుంది. కంటి కింద, ముక్కు పక్కన, గడ్డం వంపులో, పచ్చికాయ తొక్క లోపలివైపు ఉండే రంగు, అన్నిటికంటే ముందు పూసింది అదే, దాని మీద చర్మం రంగు పూసి, కడిగి, పూసి, కడిగి, అది కిందనించి కనబడుతూనే ఉండేలా ఎంత ఓపిగ్గా, ఎన్ని వాన రోజులు. ఊపిరాడని ఆడమనిషి ఒకతె మంచం మీద పడుకుని పడుకుని విసుగెత్తి, లేచొచ్చి కుర్చీలో కూర్చుంది. కూర్చున్నందుకు అలసిపోయింది. ఆ అలసటనంతా తాను తుడిచేసింది. తాత సైగాన్‌కు పంపింది ఒకావిడను, ఇంటికి తీసుకెళ్ళబోయేది ఇంకొకావిడను.

తాను చేసిన పటం ఇంకొకటుంది, ఊళ్ళో, అన్నయ్య ఇంట్లో, పీఠం మీద. అమ్మది. అమ్మ పోయిన రాత్రి షాపు తాళం అడిగి తీసుకుని తానే చేసింది, ఇంకెవరి చేతా చేయించనంది, అప్పటికి తాను చేసినవాటిలో అంత చక్కటి పటం లేదు, తద్దినానికి వచ్చినవాళ్ళంతా అగరొత్తి గుచ్చి ఓ నిమిషం నిలబడి చూసేవాళ్ళు, చిన్న మేనకోడలు మా నాయనమ్మ సినిమా నటి అని బళ్ళో చెప్పిందట. అమ్మకున్న ఒకే ఒక్క ఫోటో గుర్తింపు కార్డు మీదిదే, దాన్ని అమ్మతోబాటే శవపెట్టెలో పెట్టేశారు. షాపు ఎత్తేశారు, ఆ కంప్యూటర్ ఏమైందో. ఇప్పుడు కళ్ళు మూసుకుని అమ్మా అనుకుంటే ఆ పటం వస్తుంది. గొంతు వస్తుంది, ఉల్లికాడల వాసన వస్తుంది, వెనకనుంచి వీపు వస్తుంది, ముందుకు తిప్పితే మఖమలు కాలరు, నున్నటి చెంపలు, ఎవరో బాగా బతికిన ఆడమనిషి. పోయినసారి ఊరెళ్ళినప్పుడు అడిగింది, అన్నయ్యా, అమ్మ మొహం నీకు గుర్తుందా. అన్నయ్య చేపముల్లు తీసుకుంటూ, ఎదురుగా ఉందిగా చూసుకో అని పటంవైపు గడ్డం చూపించాడు. అన్నయ్యకీ అంతే. అందరికీ అంతే. తప్పు చేశానని కూడా ఎవరూ అనరు. ఎవరైనా అంటే బాగుండును.

బడి గంట దూరంగా మోగింది. మియెన్ ఉలిక్కిపడి, చేతి తొడుగులు వేసుకుని, కొత్త కాగితం దుమ్ము దులిపి యంత్రంలో పెట్టింది. స్క్రీను మీద బామ్మ మొహం మీదనుంచి తాను చేసినవన్నీ ఒక్కొక్కటిగా వెనక్కి తీసేసింది. చొక్కాను ఫోటోలో ఎలా ఉందో అలాగే వదిలేసింది, ఆకూ కాదు, ఆకాశమూ కాదు. యంత్రం ఒకసారి దగ్గి మొదలుపెట్టింది, అటూ ఇటూ, అటూ ఇటూ, కిటికీ పైచెక్క వస్తోంది, వాన వెలుతురు వస్తోంది, అప్పుడే తలుపు మీద మెల్లగా వేళ్ళు తట్టిన చప్పుడు.

లామ్ తాత వానకోటు బయటే విప్పి, చెప్పులు విప్పి, తడి కాళ్ళు గుడ్డ మీద తుడిచి తుడిచి లోపలికొచ్చాడు. తెల్ల కాలరు చొక్కా ఇస్త్రీ చేసి వేసుకున్నాడు. మియెన్ నోరు తెరిచేలోపే ఆయన బల్ల దగ్గరకెళ్ళి, చేతులు వెనక్కి కట్టుకుని, మొదటి ప్రింటు మీదకు వంగాడు. చాలాసేపు చూశాడు.

"ఎంత చక్కగా ఉంది" అన్నాడు. "ఎవరింటావిడ?"

"తాతగారూ..."

"కాదమ్మా, నిజంగానే బాగుంది. ఇలాంటావిడ ఇంట్లో ఉంటే నేను రోజూ గడ్డం గీసుకోవాలి."

"అది కాదు. ఇంకోటి వస్తోంది. ఇటు రండి."

ఆయన యంత్రం పక్కన నిలబడ్డాడు. జుట్టు వచ్చింది, పాపిటి దగ్గర పలచబడిన జుట్టు. నుదురు వచ్చింది. కళ్ళు రావడానికి చాలాసేపు పట్టింది, సిరాపెట్టె అటెళ్ళి ఇటొచ్చినప్పుడల్లా రెప్పలో ఒక సన్నటి గీత చేరుతోంది. కంటి కింద ఆ రంగు వచ్చింది.

"ఆఁ" అన్నాడాయన. "వచ్చావా?"

తనతో కాదని మియెన్‌కు తెలుసు. పక్కకు తప్పుకుంది. మొహం పూర్తయి, మెడ, చొక్కా, ఒళ్ళో చేతులు, కుర్చీ కోళ్ళు దిగి కాగితం చివర ఆగేదాకా ఆయన కదల్లేదు. ఆమె కాగితాన్ని రెండు చేతుల్తో ఎత్తి బల్ల మీద పరిచింది.

"తీసుకుపోనా?"

"ఆరాలి తాతగారూ. రేపొద్దునకి గానీ చుట్టకూడదు."

"అయితే కూర్చుంటాను. ఇంటికెళ్ళి చేసేదేముంది?" స్టూలు లాక్కుని కూర్చున్నాడు. వాన పెద్దదైంది. కాసేపటికి, ప్రింటు మీదనుంచి చూపు తియ్యకుండానే, "ఆ మొదటిది ఎందుకలా చేశావు?" అని అడిగాడు, కోపం లేకుండా, కుంచె పట్టుకున్న తీరు గురించి అడిగినట్టు.

మియెన్ ఇంకో స్టూలు మీద కూర్చుని చెప్పింది. అంత పొడుగ్గా తానెప్పుడు మాట్లాడిందో గుర్తులేదు, ఫోటో షాపు, కార్డులు, మఖమలు దుస్తు, పిల్లలకు అన్నం దిగాలనడం, అలవాటైపోయిన చెయ్యి. ఆయన మధ్యలో ఊఁ కొట్టాడు.

"మీ అమ్మ ఉందా?"

"పోయింది."

"పటం నువ్వే చేశావా?"

"ఊఁ."

"ఎలా ఉండేది మనిషి?"

నాకు తెలీదు అనబోయింది. పటం వచ్చి ఎదురుగా నిలబడింది, నున్నగా, ఎవరో. కానీ అదే వేళకు కుడిచెయ్యి ఒళ్ళో కదిలింది, ఆ రాత్రి షాపులో మౌస్ పట్టుకున్నట్టు, వేళ్ళు మడుచుకుని, ఇటు కాస్త, పైకి కాస్త. ఏం తీసేసిందో చేతికి తెలుసు.

"కంటి కింద పుట్టుమచ్చ ఉండేది" అంది మెల్లగా. "అది తీసేశాను."

"ఊఁ."

"కనుబొమ్మ ఒకచోట తెగి ఉండేది, చిన్నప్పుడు దూడ పొడిచిందట. అతికాను. కింది పెదవి ఎప్పుడూ పగిలే ఉండేది. చెవి... కమ్మ లాగేసి ఒక చెవి సాగిపోయింది, దాన్ని పైకి తెచ్చాను." మాట ఆగడం లేదు, చెయ్యి ముందు వెళుతోంది, మాట వెనక. "బియ్యపు అప్పడాలు కాల్చి అమ్మేది. రోజూ కుంపటి పక్కనే, ఒకే వైపు తిరిగి కూర్చోవడం. దాంతో ఒక చెంప నల్లబడిపోయింది తాతగారూ, ఒక చెంప మామూలుగానే ఉండేది. రెండూ ఒకటి చేసేశాను."

లామ్ తాత మొదటిసారి ప్రింటు మీదనుంచి కళ్ళు తీసి ఆమెకేసి తిరిగాడు. తల కాస్త వాల్చి, బొమ్మ వేయబోయే మనిషి చూసినట్టు చూశాడు.

"ఏ చెంప?" అన్నాడు. "మనకి కుడివైపా, ఆవిడకి కుడివైపా?"

మియెన్ తడబడింది. స్క్రీను మీద చెయ్యి వెళ్ళింది ఒకవైపు, ఎదురుగా కూర్చున్న మనిషిది ఇంకోవైపు. కళ్ళు మూసుకుని, స్టూలు మీద కొంచెం పక్కకు తిరిగి, మోకాళ్ళు దగ్గరకు తీసుకుని, కుంపటి దగ్గర కూర్చున్నట్టు కూర్చుంది. వేడి ఎటునుంచి వస్తుందో ఒక్క క్షణం చూసుకుంది. అరచెయ్యి దానంతటదే లేచి తన చెంపకు ఆనింది.

"ఇది" అంది.